దాలమ్మ హాజరు

"రెప్ప వాల్చండి" అంది ఫోను. దాలమ్మ వాల్చింది. వాల్చాననే అనుకుంది. ఫోను మళ్లీ అదే మాట అంది.

పలాస పక్కన ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా పిక్కలు కోస్తోంది ఆవిడ. పిక్కలోని సొన మొదట వేలిముద్రలు తినేసింది. ఆడవాళ్లందరి వేళ్లూ అలాగే అరిగిపోయి గేటు దగ్గరి వేలిముద్రల హాజరు మిషను చేతులెత్తేస్తే, యాజమాన్యం ముఖాలు చూసే ఫోను తెచ్చింది. పెద్ద కంప్యూటరుకుండే తెలివిని పిండి, అరగదీసి, ఆ చిన్న ఫోనులో ఇమిడ్చారట. నెట్టు లేకపోయినా రెండు వందల ముఖాలను చిటికెలో పోల్చుకుంటుంది. ఇప్పుడు సొన దాలమ్మ ముఖం మీదికీ వచ్చింది. బుగ్గలు కమిలి పొరలు లేచాయి, రెప్పలు బూరెల్లా ఉబ్బాయి. వరసగా మూడు రోజులు హాజరు పడకపోతే పేరు తీసేస్తారు. ఇది మూడో రోజు.

"నువ్వు సూత్తన్నావు గదరా బాబూ. నానెవరో నీకు తెల్దేటి?" అంది మేస్త్రీ వెంకీతో.

"నాకు తెలిస్తే సాలదత్తా, దానికి తెలాల. సాయంత్రం ఇంకోపాలి సూద్దాం. వాపు తీస్తే పడతాదేమో."

వెంకీ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాడు.

చేతులకు ఆముదం పట్టించుకుని దాలమ్మ కత్తి ముందు కూర్చుంది. హాజరు పడని మనిషి చేత పని చేయించుకోవచ్చా అని ఎవరికీ అనుమానం రాలేదు. అలాంటి అనుమానాలు పని ఎగ్గొట్టినప్పుడే వస్తాయి. ఈ కత్తి ముందే ఆవిడ నెలలు నిండేదాకా కూర్చుంది. ఇక్కడే మొగుడి చావుకబురు వింది. కాలితో తొక్కడం, పిక్క తిప్పడం, పప్పు విరగకుండా తీయడం. అందులో ఆవిడను మించిన చెయ్యి ఆ షెడ్డులో లేదు.

మధ్యాహ్నం మూడు దాటాక పక్కన కూర్చున్న రాజకుమారికి తొక్కుడు చప్పుడు వినిపించలేదు.

"అప్పా, ఏటైనాది?"

దాలమ్మ గోడకు జారగిలి ఉంది. చేతిలో పిక్క ఉంది, ఊపిరి లేదు.

పనిలో ఉండగా మనిషి పోతే ఫ్యాక్టరీ జవాబు చెప్పుకోవాలి. మేనేజరు వచ్చి ముందు శవాన్ని కాదు, ఫోన్ని చూశాడు.

"ఈవిడ ఈ రోజు పనికి రాలేదే" అన్నాడు.

వెంకీ ఆటో పిలవడానికి గేటు వైపు నడిచాడు.

"పొద్దుట్నుంచి నా పక్కనే కూకుంది బాబూ" అంది రాజకుమారి. ఆ మాట ఎక్కించడానికి ఫోనులో చోటు లేదు.

చీకటి పడకముందే శవాన్ని ఆటోలో ఇంటికి పంపేశారు. షెడ్డు పక్కన కుళాయి గట్టు మీద, మధ్యాహ్నం అన్నం తిని ఆవిడ కడిగి బోర్లించిన సత్తు గిన్నె కింద తడి ఇంకా ఆరలేదు.