ఆగి కదిలే ఉలి

కంప్యూటర్‌కు మింట్ చెడ్డదేం కాదు, ఇంట్లో భార్య వందన బడి పాఠాలు తయారుచేసుకునేది దాని మీదే, విండోస్ అలవాటైన వాళ్ళ చేతిలో పెడితే ఇట్టే కుదురుకుంటుంది, ఉబుంటు కొత్త ప్రింటరైనా వైఫై అయినా తగిలించగానే పట్టుకుంటుంది, ఫెడోరాకు కొత్త వింతల పిచ్చి, డెబియన్ మా పెదనాయన లాంటిది, ఒక పట్టాన మారదు, మారకపోవడమే దాని బలం, ఏదైతేనేం అన్నీ లినక్సే, ఒక తల్లి బిడ్డలే, అని శాంసన్ నంద్యాలలో బస్సెక్కినప్పటి నుంచి తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు, అయినా మాటిమాటికీ ఫోను తీసి చూసుకుంటున్నాడు, ఆళ్ళగడ్డలో నారాయణాచారి విగ్రహాలు చెక్కే మరను నడిపే కంప్యూటర్లో నిన్న డెబియన్ తీసేసి మింట్ ఎక్కించింది తనే, పాతది వైఫై పట్టదు, ఏందప్పా శాంసనూ, దీని మొగం చూస్తే పని జేయబుద్ధి గాదు, మంచిది ఎక్కియ్, అన్నాడాయన, ఎక్కిస్తే మురిసిపోయి టీ తాగించాడు, పొద్దున ఫోను, మర చెక్కతా చెక్కతా ఆగుతాంది, మళ్ళా దానంతట అదే పోతాంది, ఏం గాదులే, వీలైతే ఓసారి రా, తనేమో వస్తాలే అన్నా అని పెట్టేశాడు.

శిరివెళ్ళ దాటింది, పక్క సీట్లో ముసలామె శనక్కాయలు ఒలుస్తోంది, పొట్టు తన ప్యాంటు మీద రాలుతోంది, దులుపుకున్నాడు, నారాయణాచారి ఇలా దులపడు, అరచేత్తో తుడుస్తాడు, మర ఆగితే చాలు ఉలి కిందికి చెయ్యి పెట్టి అమ్మవారి మొహం మీది రాతిపొడి తుడిచి ఆ చేతిని కళ్ళకద్దుకుంటాడు, బ్రష్షుంది కదన్నా అంటే, తల్లి మొగాన్ని పొరకతో ఊడుస్తారా అప్పా అని నవ్వాడు, పాత డెబియన్‌తో ఆ అలవాటు చెల్లింది, అందులో మర కోసమని తనే వేరే కెర్నెల్ వేశాడు, లోపలి గుండెకాయ అది, దానితో మర ఇప్పుడంటే ఇప్పుడే కదిలేది, ఆగిందంటే పని అయి ఆగినట్టే, నిన్న మింట్‌లో మామూలు కెర్నెలే వదిలేశాడు, చీకటి పడుతోందని, బస్సు తప్పుతుందని, అది పది పనులు చూసుకుంటూ మరతో కాసేపు ఉండు అంటుంది, తర్వాత ఎవరికీ చెప్పకుండా కదిలిస్తుంది.

భయమేసింది, ఫోను చేశాడు, ఎత్తలేదు, మర మోతలో ఏం వినపడుతుంది, మళ్ళీ చేశాడు, సంచిలో డెబియన్ ఉన్న పెన్‌డ్రైవు ఉంది, పోగానే ఎక్కిద్దాం, లేదా ఉబుంటు, దానికీ ఆ కెర్నెల్ దొరుకుతుంది, వైఫై కూడా దక్కుతుంది, ఏది మేలు, ఏది మేలు అనుకుంటుండగానే అవతల ఎవరో ఎత్తారు, ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ, ఎవురప్పా, నేను శాంసన్‌ను వదినా, అన్న యాడుండాడు, ఈడనే మర కాడ, ఆగిపోయిందంట, అమ్మోరి మొగం తుడుస్తాండాడు, పిలుస్తా ఉండు, పిలవద్దు వదినా, టైం లేదు, ముందు గోడ మీది మెయిన్ స్విచ్చి ఆపు, ఏందీ, ఇనపళ్ళా, ఆయనకే ఇస్తా, అని ఆమె ఫోను పట్టుకుని నడిచింది, గాజుల చప్పుడు, తలుపు చప్పుడు, వదినా, వదినా, బస్సంతా తన వైపు తిరిగి చూస్తోంది, ఫోనులో మర గుర్రుమని మళ్ళీ మొదలైంది, దాని మీద ఇంకే మాటా వినపడలేదు, వేగమనీ అందమనీ నిలకడనీ దారంతా తూచుకుంటూ వచ్చాడు గానీ ఏ లినక్స్‌కూ ఉలి కింద ఉన్నది రాయో మనిషి చెయ్యో తెలియదు, తెలిసినవాడు తానొక్కడే, తెలిసీ పొద్దున ఫోనులో చెప్పలేదు.