తరగని చెత్త

ఊరి చెత్తంతా కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీలో అతను క్రేన్ డ్రైవరు. అద్దాల గదిలో కూర్చుని, కింద గోతిలోంచి ఇనప పంజాతో చెత్త ఎత్తి బాయిలర్ నోట్లో పోయడం అతని పని. పొద్దస్తమానం అదే. వంటింటి తడి చెత్త ఒక్కటే వేస్తే మంట మూలుగుతుంది. ప్లాస్టిక్ కలిపితేనే భగ్గుమంటుంది.

ఆ ప్లాస్టిక్కే అతని అక్కకు కూడు. గోడకవతల రేకుల షెడ్డులో ఆమె, బావ, ఇంకొందరు ఆడవాళ్లు చెత్త ఏరి, సీసాలు ఒకపక్క, కవర్లు ఒకపక్క మూటలు కట్టి, కరిగించి మళ్లీ వాడుకునేవాళ్లకు అమ్ముతారు. ఫ్యాక్టరీ కన్ను ఆ మూటల మీద పడి చాన్నాళ్లయింది.

ఈ చెత్త కరెంటు కూడా ఎండా గాలీ ఇచ్చే కరెంటులా ఎన్నటికీ తరగనిదేనని ముద్ర వేయడానికి సర్కారు అధికారి వస్తున్నాడని తెలిసి, అక్క అతని ఇంటికొచ్చింది.

"ఆ ముద్ర పడితే మీవాళ్ల ఆకలి ఇంకా పెరుగుతుందిరా. మా షెడ్డు మిగలదు. రోజూ ఏం కాలుస్తున్నావో ఆయన ముందు చెప్పు, చాలు."

"నా ఉద్యోగం ఊడితే?"

"మా దగ్గరికి రా. మీ బావ పక్కన కూర్చుని సీసాల మూతలు ఏరు. ఆయన సోది భరించగలిగితే."

అతను నవ్వాడు.

అధికారి వచ్చే రోజు మేనేజరు గోతి నిండా ఎండుకొమ్మలూ ఆకులూ పోయించాడు. "ఇవాళ ప్లాస్టిక్ ముట్టుకున్నావో, నీ సంగతి చూస్తా!"

అధికారి అద్దాల గదిలోకొచ్చి కిందికి తొంగిచూశాడు. "రోజూ ఇదేనా?"

మేనేజరు కళ్లతోనే బెదిరించాడు. అయినా డ్రైవరు ఆగలేదు.

"కాదు సార్. ఇదంతా మీకోసం కట్టిన వేషం. ప్లాస్టిక్ లేందే ఈ బాయిలర్ మండదు. ప్లాస్టిక్ అంటే భూమిలోంచి తోడిన చమురే కదా సార్. ఇందులో ఎండెక్కడ, గాలెక్కడ?"

మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అధికారి మాత్రం తాపీగా నవ్వాడు.

"తరిగిపోకుండా వస్తుందా లేదా, నాకు కావాల్సింది అంతే నాయనా. జనం చెత్త పారేయడం ఎప్పుడైనా మానేశారా?"

"లేదు సార్."

"మరింకేం. ప్లాస్టిక్ లేకపోతే మండదంటున్నావు, అది తెలియాల్సిన సంగతే. ఇంతకీ ఊరి ప్లాస్టిక్ అంతా ఇక్కడికే వస్తోందా, ఇంకెటైనా పోతోందా?"

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. చేయెత్తి గోడవతలికి చూపించాడు.

ముద్ర పడింది. దాని వెంటే ఉత్తర్వూ వచ్చింది: ఇకపై పొడి చెత్త మొత్తం ఫ్యాక్టరీకే. మేనేజరు అతని భుజం తట్టి, "భలే అందించావయ్యా మాట! నాకే తట్టలేదు" అన్నాడు.

షెడ్డుకు తాళం వేసిన రోజు అక్క గేటు దగ్గర నిలబడింది.

"చెప్పావా?"

"చెప్పానక్కా. ఉన్నదున్నట్టు."

"నమ్మలేదా?"

"నమ్మాడు. అదే కొంప ముంచింది."

ఆమె అతని ముఖంలోకి చూడకుండా వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి షెడ్డులో మిగిలిన మూటలు గోతిలోకి దొర్లాయి. అతను ఒక్కొక్కటే ఎత్తి పోశాడు. కాసేపటికి మేనేజరు ఫోన్ చేశాడు.

"ఇవాళ మంట అదిరిపోతోందయ్యా! ఏం వేశావ్?"

"మా అక్కని, సార్."

అవతల మేనేజరు పగలబడి నవ్వాడు.