మూడో నంబరు మూలం

ఆ ఆదివారం ఉదయం పది గంటలకు రాజమహేంద్రవరంలో ఒక గ్రంథాలయం మేడమీది గదిలో హాజరైనవారు, బల్ల చుట్టూ కూర్చున్న క్రమంలో, వీరు: తలుపుకు ఎదురుగా కళాశాల తెలుగు అధ్యాపకురాలు రామతులసి; ఆమెకు కుడివైపున నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన విశ్వనాథరాజు; ఆయన పక్కన బ్యాంకు ఉద్యోగి ఫణీంద్ర; చివరన, ప్రొజెక్టరు తీగకు కాలు తగలకుండా కుర్చీ వెనక్కు జరుపుకొని, కొత్తగా చేరిన దుర్గాశ్రీ. అంతర్జాలంలో ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన తెలుగు విజ్ఞాన సర్వస్వానికి ఈ నలుగురూ స్వచ్ఛందంగా పనిచేస్తారు. నెలకొకసారి ఇలా కలిసి, రాసినవాటిని సరిచూసుకుంటారు.

సరిచూడడంలో విశ్వనాథరాజును మించినవారు ఆ జిల్లాలో లేరు. నలభై పేజీల శైలి మార్గదర్శకాలను ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో శాఖ నియమావళిని చదివినట్లే, పెన్సిలుతో అంచుల్లో గీతలు పెట్టుకుంటూ చదివారు. ‘సుప్రసిద్ధ’ అన్న మాట కనబడితే తీసివేస్తారు. అచ్చయిన మూలం చూపని వాక్యం ఆయన కంటబడితే మరునాటికి ఉండదు. ‘మా ఊళ్ళో అందరికీ తెలుసు’ అన్న వాదన ఆయన దగ్గర చెల్లదు.

“రాజుగారితో జాగ్రత్తమ్మా,” అన్నాడు ఫణీంద్ర, దుర్గాశ్రీ వైపు వంగి. “పాలకొల్లు గుడి మీద నేను రాసిందాంట్లో ‘మహిమాన్వితమైన’ అన్న ముక్క కొట్టేశారు. స్వామివారి మహిమకి మూలం ఏదయ్యా అని అడిగారు నన్ను!”

“అడిగాను. మీరు చూపలేదు.”

“ఏం చూపమంటారండీ? శివుడొచ్చి సంతకం పెట్టాలా?”

అందరూ నవ్వారు. విశ్వనాథరాజు కూడా నవ్వారు గాని, ఆయన చేయి కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకొని, మళ్ళీ తీసింది. తెరమీదకు ఏ వ్యాసం రాబోతోందో ఆయనకు తెలుసు. నెలరోజులుగా ఆయన మనసు కుదురుగా లేకపోవడానికి కారణం అదే.

“ఈ నెల నమూనా వ్యాసం చినమల్లవరం అండి,” అంది రామతులసి. “దుర్గాశ్రీ సొంతూరు. మొదట ఎలా ఉందో, మార్గదర్శకాల ప్రకారం దిద్దాక ఎలా ఉందో పక్కపక్కన పెట్టాను. చూడండి.”

ఎడమవైపు పాత వాక్యం: ‘1986 వరదలో ఊరు కొట్టుకుపోకుండా కాపాడిన ధీరుడు లస్కరు గంగయ్య.’ గట్టు మీద కాపలా తిరిగే చిన్న ఉద్యోగిని లస్కరు అంటారు. ఆ వాక్యాన్ని నెల కిందట కొట్టివేసినది విశ్వనాథరాజే. ఒకే వాక్యంలో రెండు తప్పులు: ఒక పొగడ్త, మూలం లేకపోవడం. కొట్టివేస్తూ ఆ పేరు చదివారు. గోదావరి జిల్లాల్లో గంగయ్యలు వందలమంది ఉంటారని తనకు తాను చెప్పుకొన్నారు.

కుడివైపు కొత్త వాక్యం: ‘1986 ఆగస్టు వరదలో గ్రామం వద్ద గోదావరి గట్టుకు గండి పడకుండా సెక్షన్ ఇంజనీరు విశ్వనాథరాజు ఆపాడు.’ చివర చిన్న అంకె, మూడు. పేజీ అడుగున మూడో నంబరు మూలం: ఒక దినపత్రిక, తేదీ, పుట సంఖ్య.

“ఏంటండీ ఇది! మీరేనా?” ఫణీంద్ర సగం లేచాడు.

“మీరేనా అండీ?” దుర్గాశ్రీ పూర్తిగా లేచి నిలబడింది. “నాకు తెలియలేదండి. పాత పేపర్ల బైండింగులు రెండు రోజులు తిరగేశాను. ఫోటో కూడా ఉందండి. మీసం ఉండేది మీకప్పుడు!”

“మరి ముందు రాసిన గంగయ్య ఎవరమ్మా?” అంది రామతులసి.

“మా తాతయ్యండి. నేను ఆరో తరగతిలో ఉండగా పోయాడు. ఆ వరదకి గట్టు నిలబెట్టింది నేనేనే అని చెప్పేవాడండి మాకు. నిజమేననుకున్నాను.” ఆమె నవ్వింది, ఆ నవ్వు వెనుక సిగ్గు ఉంది. “పేపరు చూశాక అర్థమైందండి. పెద్దోళ్ళు కదండీ, పిల్లల ముందు కాస్త గొప్పలు పోతారు. అందుకే కొట్టేసినదాన్ని మళ్ళీ పెట్టకుండా, ఉన్నదున్నట్టు రాశాను.”

మాట్లాడవలసిన క్షణం అదే. విశ్వనాథరాజు గొంతు సవరించుకొన్నారు.

“గంగయ్య అక్కడే ఉన్నాడు,” అన్నారు.

“అవునాండీ? బస్తాలవీ మోశాడా అండి?”

“మోశాడు.”

ఫణీంద్ర చప్పట్లు కొట్టాడు. మిగిలిన ఇద్దరూ కొట్టారు. సమావేశం ఇంకా గంటన్నర ఉండగానే, ఒంట్లో బాగులేదని చెప్పి విశ్వనాథరాజు లేచారు.

ఆటో ఎక్కి, ఇంటికి రెండు వీధుల ముందే దిగిపోయారు. నడిచారు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి వెళ్ళకుండా గోదావరి గట్టు దాకా వెళ్ళి, నీళ్ళు చూడబుద్ధికాక తిరిగి వచ్చారు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం ఆయనకు ఇరవై తొమ్మిదేళ్ళు. వరద గట్టు అంచుకు జానెడు కిందుగా ఉంది. గట్టు అడుగున, ఊరివైపు పొలంలో, బురదనీరు బుడబుడమని ఊరుతోంది. లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట. ఆ ఊట మీద బస్తాలు వేసి తొక్కి మూసేయమని ఆయన ఉత్తర్వు ఇచ్చారు. గంగయ్య అడ్డం వచ్చాడు.

“వద్దు బాబుగారూ. దాని నోరు నొక్కితే ఇంకోచోట తన్నుకొస్తుందండి. చుట్టూ బస్తాలతో గోడ కడదాం. నీళ్ళు లోపల పైకి లేచి వాటంతటవే ఆగుతాయండి.”

“నాకు నేర్పుతున్నావా?” అని కసిరి, పై అధికారికి ఫోను చేయడానికి జీపులో పాలకొల్లు వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి గోడ లేచి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు విత్తనపు ధాన్యం నేలమీద కుమ్మరించి సంచులు ఇచ్చారు; మగవాళ్ళు ఇసుక నింపారు. గోడ లోపల నడుమెత్తున నీరు తేటగా, కదలకుండా నిలిచి ఉంది. పక్కన గంగయ్య కాళ్ళు కడుక్కొంటున్నాడు. “వచ్చారాండి,” అన్నాడు. అంతే.

మరునాడు విలేకరి వచ్చాడు. శుభ్రమైన చొక్కాతో, చేతిలో కాగితాలతో ఉన్నది ఇంజనీరు. వార్త అచ్చయిన నాడు గంగయ్య ఎదురుపడి, “ఫోటో బాగా పడిందండి,” అన్నాడు. ఆ గొంతులో వెటకారం ఉందేమోనని విశ్వనాథరాజు ఆనాడు వెతికారు. దొరకలేదు.

“ఏంటండీ ఆ తిరుగుడు? గచ్చు అరిగిపోతోంది,” అంది భార్య జానకీదేవి.

ఆయన కూర్చున్నారు. లేచారు. నిలబడే అంతా చెప్పారు.

“మా నాన్నగారు ఆ పేపరు ముక్కకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. భీమవరంలో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మా అల్లుడండీ అని చూపించేవారు. ఒక్కసారైనా మీకు నోరు రాలేదా?”

“శాఖ నివేదికల్లో కింది ఉద్యోగుల పేర్లు రాయరు. అదొక పద్ధతి.”

“నేను నివేదికనాండీ?”

ఆయన ఇనుప బీరువా తెరిచి, నాటి నివేదిక కార్బను నకలు తీశారు. ఇతరుల వ్యాసాలను సరిచూసే పెన్సిలుతోనే, తన వాక్యాలను మొదటిసారి సరిచూశారు. నాలుగో పేరా: ‘మధ్యాహ్నం మూడు గంటలకు పాలకొల్లు నుండి ఫోనులో సమాచారం అందజేయబడినది.’ ఐదో పేరా: ‘ఈ దిగువ సంతకందారు స్వీయ పర్యవేక్షణలో మూడున్నరకు బస్తాల గోడ పూర్తి చేయబడినది.’ ఆ వానలో పాలకొల్లు నుండి చినమల్లవరం రావడానికి గంటకు తక్కువ పట్టదు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు వేళలను ఏ పై అధికారీ పోల్చి చూడలేదు.

రామతులసికి ఫోను చేశారు. సంగతి చెప్పి, “ఆ వాక్యం తీసివేయాలి,” అన్నారు.

“మీ గురించి రాసింది మీరు దిద్దకూడదు కదండీ.”

“తెలుసు. మార్గదర్శకాల్లో పదకొండో పేజీ. మీరు దిద్దండి.”

“నేనైనా ఏం చూపించి దిద్దనండీ? అచ్చయిన మూలం ఒకవైపు, మీ జ్ఞాపకం ఒకవైపు. జ్ఞాపకం మూలం కాదని మా అందరికీ నూరిపోసింది మీరు. మీరు చెప్పింది నేను నమ్ముతున్నానండి. నా నమ్మకమూ మూలం కాదు.”

“అయితే?”

“ఆ పత్రికే మళ్ళీ వేయాలి. వేస్తే రెండూ చూపించి రాద్దాం.”

ఫోను పెట్టేశాక జానకీదేవి అంది: “పేపరు తర్వాత. ముందు ఆ పిల్లకి చెప్పండి. తాతని అబద్ధాలకోరు అనుకుంటోంది.”

దుర్గాశ్రీ తణుకులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. సోమవారం బస్సులో ఆయన నాలుగు చోట్ల కూర్చున్నారు. ఎక్కడా స్థిమితం లేదు. ల్యాబు బయట, నీడపట్టున నిలబెట్టి, ఒక్క విశేషణం లేకుండా, జరిగిన క్రమంలో చెప్పారు. ఆమె చేతి తొడుగులు తీయడం కూడా మరిచి వింది.

“మరి నిన్న బస్తాలు మోశాడన్నారు కదండీ?”

“అన్నాను.”

“మీ నోటితో మీరే అన్నారు. నేను చప్పట్లు కొట్టానండి!” ఆమె అప్పుడు తొడుగులు లాగేసింది. “ఇంటికెళ్ళి అమ్మతో కూడా చెప్పాను, తాతయ్య బస్తాలు మోశాడంట అని.”

ఆయన తల వంచుకొన్నారు. క్షమించమన్న మాట నాలుక దాకా వచ్చింది గాని, అది తనకు తేలిక కావడానికి అడిగే మాటగా తోచి ఆగిపోయారు.

దుర్గాశ్రీ ఫోనులో నంబరు నొక్కి ఆయనకు అందించింది. “అమ్మతో మీరే చెప్పండి.”

చెప్పారు. అవతల కోళ్ళ అరుపులు వినబడ్డాయి.

“మా నాన్న అబద్ధం ఆడే మనిషి కాదండి,” అంది ఆ స్త్రీ చివరకు. “మాకు తెలుసండి. మా పిల్లకే తెలియదు. అది చదువుకుంది కదండీ, కాగితం నమ్ముద్ది. ఆ కాగితం మీద మీరే రాయండి, బాబుగారూ.”

తణుకు నుండి ఆయన ఇంటికి పోలేదు. ఆకలి కూడా తెలియలేదు. రాజమహేంద్రవరంలో దిగి నేరుగా పత్రిక కార్యాలయానికి వెళ్ళారు. జిల్లా పుటలు చూసే బంగార్రాజు ఆయన ఇచ్చిన కాగితాలు రెండుసార్లు చదివాడు.

“ముప్పై ఎనిమిదేళ్ళ నాటి వార్తకి సవరణాండీ? ఎవరైనా కేసు వేశారా?”

“లేదు.”

“మరి ఎవరడిగారండీ?”

“గంగయ్య గారి కూతురు అడిగారు.”

“పేరు వేయించుకోడానికి రోజుకి పదిమంది వస్తారండి. తీయించుకోడానికి వచ్చినాయన్ని ఇప్పుడే చూస్తున్నాను.” బంగార్రాజు కుర్చీలో వెనక్కు వాలాడు. “మీవాళ్ళందరూ చదువుతారు. ఆలోచించుకున్నారా?”

“నివేదిక నకలు కూడా జతపరిచాను. నాలుగో పేరా, ఐదో పేరా పోల్చి చూసుకోండి. మీరు నా మాట మీద వేయనక్కరలేదు.”

బంగార్రాజు పోల్చి చూశాడు. వేళ్ళమీద గంటలు లెక్కపెట్టాడు. వాల్చిన వీపు నిటారైంది.

“సంతకం పెట్టండి,” అన్నాడు.

గురువారం నాడు జిల్లా పుటలో, ఒక మూల, ఆ లేఖ ఒక్క అక్షరం మారకుండా అచ్చయింది:

‘1986 ఆగస్టు వరదలో చినమల్లవరం వద్ద గోదావరి గట్టును నేను కాపాడినట్లు అప్పట్లో ఈ పత్రికలో వెలువడిన వార్తకు నేనిచ్చిన సమాచారమే ఆధారం. ఆ సమాచారం సరైనది కాదు. గట్టు నిలిచిన వేళ నేను అక్కడ లేను. నేనిచ్చిన ఉత్తర్వు అమలు జరిగి ఉంటే గట్టు తెగి ఉండేది. దానిని పక్కనపెట్టి, గ్రామస్థులను కూడగట్టి, ఊట చుట్టూ ఇసుక బస్తాల గోడ కట్టించి గండిని నివారించినవారు లస్కరు శ్రీ గంగయ్య గారు. ఆ కార్యం పూర్తిగా వారిదేనని, ఆనాటి సెక్షన్ ఇంజనీరునైన నేను ఇందుమూలంగా అంగీకరిస్తూ, చినమల్లవరం గ్రామం తరఫునా, నా తరఫునా వారికి కృతజ్ఞతలు నమోదు చేస్తున్నాను.’