అతుకులో మైనం

లూయిస్‌కి కోపం రావడానికి కారణం అక్కర్లేదని యానాంలో అందరూ అనేవారు. అది అబద్ధం. కారణాలు బోలెడుండేవి, వినే నాథుడే లేడు.

ఈసారి కారణం పేరు శ్రీరామచంద్రమూర్తి. రొయ్యల వ్యాపారానికని రామచంద్రపురం వైపు నుంచి వచ్చి, ఊరి మట్టి కాళ్లకంటకముందే క్లబ్బుకి సెక్రటరీ అయి కూర్చున్నాడు. ఆయన కన్ను బిలియర్డ్స్ బల్ల మీద పడింది. ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన బల్ల అది. మూలల్లో సంచులుండవు, మూడు బంతులతో ఆడతారు. పచ్చబట్ట కింద మూడు పెద్ద పలకరాళ్లు పక్కపక్కన పరిచి ఉంటాయి. బల్ల తీసేస్తే ఆ గదిలో పేకాట టేబుళ్లు వెయ్యొచ్చని సెక్రటరీ ఆలోచన.

ఆ బల్లని చూసుకునే మార్కరు లూయిస్. అతనికి ముందు వాళ్ల నాన్న. బట్ట దులపడం, క్యూ కర్రలకి పలచగా మైనం రాసి గుడ్డతో నున్నగా రుద్దడం, ఆడేవాళ్లకి పాయింట్లు చెప్పడం. ఐదో క్లాసులో బడి మానేసిన దగ్గర్నుంచీ చేసిన చదువంతా అదే.

ఎనభయ్యారు వరదలో గోదావరి క్లబ్బులోకి మోకాలి లోతున వచ్చింది. నీరు తీశాక చూస్తే బల్ల ఒక పక్కకి దిగింది, రాళ్ల మధ్య ఒక అతుకు విచ్చుకుంది. ఆ అతుకు దాటే చోట బంతి తాగినవాడిలా పక్కకి తూలేది. లూయిస్ బల్ల కాళ్ల కింద చెక్కలు దూర్చి మట్టం సరిచేశాడు. ఇక అతుకు పూడ్చడమే మిగిలింది.

"బల్ల పని అయిపోయిందయ్యా లూయిస్," అన్నాడు సెక్రటరీ. "ఆ రాళ్లు మా వంటింటి గట్టుకి బాగా కుదురుతాయి. మా ఆవిడ కొలతలు కూడా తీసుకుంది."

"మైనం పోస్తే బల్ల బాగైపోద్దండి."

"సరే, ఆదివారం కమిటీ ముందు ఒక బంతి కొట్టి చూపించు. ఈ కొసనుంచి ఆ కొసకి తిన్నగా వెళ్తే బల్ల ఉంటుంది. వెళ్లకపోతే సోమవారం పొద్దున్నే బండి వస్తుంది. మళ్లీ నామీద కేకలెయ్యకూడదు."

అతుకులో పోసే మైనం విషయంలో ఆ ఇంట ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టరు అయ్యాక చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు మార్కరు ఇంటికే వచ్చేవి. వాళ్ల నాన్న వాటిని కరిగించి అతుకుల్లో పోసేవాడు. లూయిస్ కూడా చర్చి ఊడ్చే తన భార్య జోసెఫిన్ చేత ఒక డబ్బా నిండా ముక్కలు తెప్పించాడు.

డబ్బా చేతికిస్తూ ఆవిడ అంది, "ఏవండీ, ఇవి మావయ్యగారి కాలం నాటి ఒత్తులు కావండి. అప్పుడు తేనెమైనంతో చేసినవి పాండిచ్చేరి నుంచి వచ్చేవంట. ఇప్పుడు కాకినాడ కంపెనీ సరుకు. మెట్టకూరులో తేనెపట్లు కొట్టేవాళ్లున్నారు. అడిగితే ఓ ముద్ద ఇస్తారు."

"మా నాన్నకి నేర్పుతావేంటే నువ్వు?"

"ఆయనకెందుకు నేర్పుతానూ, ఆయన పోయి పదేళ్లయింది. మీకే చెప్తున్నాను."

లూయిస్ డబ్బా లాక్కుని వెళ్లిపోయాడు.

శనివారం బట్ట విప్పి మైనం కరిగించాడు. తేనె వాసన రాలేదు. చల్లారాక పసుపుగా ఉండాల్సింది సున్నంలా తెల్లగా తేలింది, మధ్యలో సన్నగా కుంగింది కూడా. అదంతా చూశాడు. చూసి, కుంగిన చోట ఇంకాస్త పోసి, చాకుతో గీకి, మళ్లీ బట్ట బిగించాడు. మెట్టకూరు వెళ్లాలంటే ముందు జోసెఫిన్ మాట నిజమని ఒప్పుకోవాలి. అంతకంటే గోదావరి ఈదడం తేలిక.

ఆదివారం అతను చర్చిలో పూజకి కూడా వెళ్లలేదు. కమిటీవాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి గోడవార నిలబడ్డారు. వాళ్లలో సగం మందికి క్యూ పట్టుకోవడం నేర్పింది లూయిసే. అందరికంటే పాత ఆటగాడు అమ్మిరాజు గారు, "కొట్టరా" అన్నారు. లూయిస్ కొట్టాడు. బంతి తిన్నగా బయల్దేరింది. అతుకు దగ్గర ఇసక నమిలినట్టు చిన్న చప్పుడైంది. బంతి గెంతి, పక్కకి తిరిగి, అంచుకి పోయి ఆగింది. రెండోసారి కొట్టాడు. అదే చప్పుడు.

"బంతి ఓటు కూడా పేకాటకే," అన్నారెవరో. నవ్వులు.

లూయిస్ బట్ట మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. మైనం పొడిపొడిగా విరిగి వేళ్లకింద గరగరలాడింది.

"రాయి వంగిందంటావేంట్రా లూయీసూ?" అన్నారు అమ్మిరాజు గారు మెత్తగా. "నీ చేతిలో పొరపాటుండదు గదా."

అవునండి అంటే చాలు. తప్పు వరద మీదకి పోతుంది. బల్ల పోయినా మార్కరు పేరు నిలుస్తుంది. లూయిస్ నోరు తెరిచాడు. అంతలో సెక్రటరీ జేబులోంచి టేపు తీసి రాయి వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు. ఆ రాయి మీద రేపట్నుంచి చేపలు తోముతారు. లూయిస్ ఒళ్లు మండిపోయింది.

"టేపు తియ్యండి. రాయి బంగారంలా ఉంది. వెధవ పని చేసింది నేను. తేనెమైనం పోయాల్సిన చోట కంపెనీ ఒత్తులు కరిగించి పోశాను. మా ఆవిడ వద్దని మొత్తుకుంది, నేను వినలేదు. ఆగండి, చూద్దురుగాని."

పానా తెచ్చి ఒక పక్క అంచు విప్పాడు. మేకులు పీకి బట్ట వెనక్కి మడిచాడు. గోటితో గీకితే మైనం పెచ్చులుగా ఊడి వచ్చింది. అతుకంతా శుభ్రంగా తోడేసి, దానికి అడ్డంగా ఇనప బద్ద నిలబెట్టాడు.

"రాయి వంగితే బద్ద కిందనుంచి వెలుతురు కనిపిస్తుంది. కనిపిస్తే చెప్పండి."

ఒక్కొక్కరే వంగి చూశారు. ఎక్కడా వెలుతురు లేదు.

"రాయి మట్టంగానే ఉందండీ," అన్నారు అమ్మిరాజు గారు. "బల్లని కదపడానికి వీల్లేదు."

సెక్రటరీ టేపు చుట్టుకుని నవ్వాడు. "అంటే బల్ల బాగుంది, మార్కరే బాలేదన్నమాట. ఏ మైనం పొయ్యాలో తెలియని మార్కరు మనకెందుకండీ? కాకినాడలో నాకు తెలిసిన మనిషొకడున్నాడు, పిలిపిస్తాను."

లూయిస్ అమ్మిరాజు గారి వైపు చూశాడు. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు. మిగిలినవాళ్ల వైపు చూశాడు. ఒకడు వాచీ చూసుకున్నాడు, ఒకడు దగ్గాడు. ఇంతమందికి చెయ్యి తిప్పడం నేర్పాడు గాని ఒక్కడికైనా నోరు విప్పడం నేర్పలేకపోయాడు.

"పిలిపించండి," అన్నాడు. "వచ్చేవాడు వీళ్లందరి కంటే నయంగానే ఉంటాడు."

పానా కిటికీలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఈలోగా టీలు వచ్చాయి. అమ్మిరాజు గారు ఒక గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, చూసుకోకుండా బట్ట లేని రాయి మీద పెట్టారు.

గుమ్మం దాకా వెళ్లిన లూయిస్ వెనక్కి తిరిగాడు.

"రాజుగారూ, గ్లాసు తియ్యండి."

"ఆఁ?"

"తియ్యండి."

అమ్మిరాజు గారు గ్లాసు తీశారు. ఎక్కడ పెట్టాలో తోచక, వేళ్లు కాలుతున్నా పట్టుకునే నిలబడ్డారు.