నారు గదిలో ఫ్యాను

ఇంజనీరు అల్లుడు స్టూలెక్కాడంటే ఆ ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే. నిజానికి ఆయన ఇంజనీరింగు చదవలేదు, చేసేది నీటి మోటార్ల అమ్మకం. అయినా ఆ ఇంటి ఆడపిల్లని పెళ్ళి చేసుకున్న నాటినుంచీ ఆ బిరుదు ఆయనకి అంటుకుపోయింది. దాన్ని వదిలించుకోవాలని ఆయన కూడా ఎప్పుడూ ప్రయత్నించలేదు. ఈసారి ఆయన స్టూలెక్కింది ఆ ఇంటి కోడలి నారు గదిలో.

నారు గదంటే వంటింటి వెనక సామాన్ల గది. కోడలు అందులోంచి పాత పరుపులూ విరిగిన కుర్చీలూ బయటికి గెంటి, గోడలకి తెల్లసున్నం కొట్టి, ఇనప అరలు పెట్టి, ట్రేలలో మిరప విత్తనాలు నాటుకుంది. అవి మామూలు మిరప కాదు. బాల్కనీ కుండీల్లో ఏళ్ళ తరబడి ఈ మొక్క పుప్పొడి ఆ మొక్క పువ్వుకి అద్ది, నచ్చిన కాయల గింజలే దాచుకుంటూ, ఊదారంగులో గుండ్రంగా కాసే రకాన్ని తయారుచేసుకుంది. అది బజార్లో దొరకదు, ఇంకెవరి దగ్గరా లేదు. పోయిన వానలకి తల్లి మొక్కలు చచ్చిపోయాయి. దాచిన గింజల్లో సగం ఈ గదిలోనే మొలకెత్తిస్తే, గాలాడక కాడలు మొదట్లో మెత్తబడి అన్నీ వాలిపోయాయి. నారుకుళ్ళు. ఇప్పుడు ట్రేలలో ఉన్నవి మిగతా సగం. ఇవీ పోతే ఇన్నేళ్ళ కష్టం గంగపాలే.

అందుకే ఫ్యాను. కిటికీ పై అద్దం తీసేసి, ఫ్యాను బిగించిన చెక్కపలకని ఆ చోట రెండు గడియలతో నిలబెట్టాలి. తలుపు కింది సందులోంచి చల్లగాలి రావాలి, వేడెక్కిన చెమ్మగాలిని పైనుంచి ఫ్యాను బయటికి తోసెయ్యాలి. ఇంతకన్నా ఏమీ లేదు. ఆ ఇంతమాత్రం పనిలో అల్లుడుగారు పలకని తిరగేసి పెట్టారు.

"మనిషి బతకాలంటే గాలి లోపలికి రావాలా, బయటికి పోవాలా చెల్లెమ్మా?" అన్నాడు స్టూలు మీదనుంచే. "మొక్కకైనా అంతే."

అంతటితో ఆగితే ఆయన ఇంజనీరెలా అవుతాడు? వచ్చిన గాలి వృథాగా పోకూడదని తలుపు కింది సందుకి రబ్బరు పట్టీ అంటించాడు. వెలుగు గదంతా పరుచుకోవాలని లైట్లని కప్పుకి ఆనించి కట్టాడు.

కోడలికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకనుంచి అత్తగారు కళ్ళతోనే వద్దంది. ఆ ఇంట్లో ఏ నియమం తప్పినా చెల్లుతుంది కానీ, అల్లుడి పనికి వంక పెట్టడం మాత్రం చెల్లదు.

"చాలా బాగుందన్నయ్యగారూ" అంది కోడలు. ఆ మాట అన్నందుకు తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, ఆవిడ రబ్బరు పట్టీ పీకి పారేసింది. గొలుసులు సాగదీసి లైట్లని ట్రేలకి జానెడు ఎత్తుకి దించింది. మరీ ఎత్తులో ఉంటే మొలకలు వెలుగు కోసం మెడలు సాచి, పుల్లల్లా సన్నబడి పడిపోతాయి. ఆఖరికి గడియలు తీసి పలకని ఇటుది అటు తిప్పింది. ఫ్యాను జాలీకి లోపలివైపు చిన్న దారం ముక్క కట్టి చూసింది. దారం జాలీకి అతుక్కుంది, గాలి బయటికే పోతోంది. హమ్మయ్య అనుకుంది.

మర్నాడు సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణంలో పని ముగించుకుని వచ్చి చూస్తే, దారం గదిలోకి ఎగురుతోంది. గోడలకి చెమటలు పడుతున్నాయి. పలక తిరగబడి ఉంది!

పళ్ళు నూరుకుంటూ మళ్ళీ తిప్పింది. మర్నాడు అదే వరస. ఆ మర్నాడూ అంతే. ఇంకెవరు, ఇంజనీరుగారే. ఆయన ఆఫీసు పక్కవీధిలోనే. మధ్యాహ్నం అత్తగారింటికొచ్చి టీ తాగిపోవడం ఆయనకి అలవాటు. టీ తాగి పోవచ్చు కదా, ఫ్యానుతో ఏం పని? మొగుడికి చెబితే "బావ పెద్దవాడు, సర్దుకుపో" అంటాడు. అత్తగారికి చెప్పడం, గోడకి చెప్పడం ఒకటే. పలకకి మేకులు కొట్టేద్దామంటే అల్లుడి మొహాన కొట్టినట్టవుతుంది. ఆవిడ కోపమంతా వంటింటి గిన్నెల మీద పడింది. దుకాణంలో ఏదో గొడవ కాబోలని మొగుడు మెల్లగా తప్పుకు తిరిగాడు.

సెలవురోజు పొద్దున కోడలు నారు గదిలోకి వెళ్ళి ట్రేల మీదకి వంగి చూసింది. ఒక ట్రేలో మొలకలన్నీ మట్టి మీదకి ఒరిగిపోయాయి. పక్క ట్రేలో సగం వాలిపోయాయి. వేలితో తాకితే కాడ మొదట్లో మెత్తగా జారిపోతోంది.

ఇక మర్యాద చాలనుకుంది. ఆ రోజు అల్లుడు భోజనానికి వచ్చి ఉన్నాడు. ముగ్గురినీ గదిలోకి పిలిచింది.

"అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. రోజూ ఈ ఫ్యాను ఎందుకు తిప్పుతున్నారు? నా మొక్కలు మీకేం అపకారం చేశాయి?"

అత్తగారు నోరు నొక్కుకుంది. అల్లుడి మొహం కందగడ్డయింది.

"తిప్పిన మాట నిజమే చెల్లెమ్మా, కానీ మంచికే తిప్పాను. ఆ రోజు ఇంటికెళ్ళి ఆలోచిస్తే నాకే తట్టింది, తప్పు పెట్టానని. చెప్పుకోడానికి సిగ్గేసి, మర్నాడు టీకొచ్చినప్పుడు గుట్టుగా సరిచేశాను. లైట్లు దించేసి ఉంటే చూశాను, అడిగితే బాగుండదని ఊరుకున్నాను. ఆ తరవాత ఎప్పుడొచ్చినా ఫ్యాను మాత్రం మొదట నేను పెట్టినట్టే ఉండేది. నా మాట మీద గౌరవంతో నువ్వే తిప్పుతున్నావనుకున్నాను. ఎంత మర్యాదస్తురాలో అనుకుని మళ్ళీ సరిచేసేవాణ్ణి."

"నేను సాయంత్రం సరిచేసి పెడుతుంటే, మధ్యాహ్నానికి అలా ఎలా ఉంటుంది?"

మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే కోడలికి అర్థమైపోయింది.

"పొద్దున నువ్వు వెళ్ళాక నేను తిప్పేవాణ్ణి" అన్నాడు. "బావ వచ్చి చూస్తే బాధపడతాడని. ఆయన వెళ్ళిపోయాక మళ్ళీ నీకు కావలసినట్టు తిప్పెయ్యమని అమ్మకి చెప్పాను."

"తిప్పానురా!" అంది అత్తగారు గర్వంగా. "ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

అందరూ మంచివాళ్ళే. ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా నలుగురూ వంతులేసుకుని ఆ ఫ్యానుని తిప్పారు. అల్లుడు సరిచేసి వెళ్ళిన ఫ్యానుని అత్తగారు శ్రద్ధగా పాడుచేసింది. దారం ఎటు ఎగురుతోందో చూడాలన్న ఆలోచన మాత్రం కోడలికి తప్ప ఒక్కరికీ రాలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, దాని రెండో సగం పెద్దల ముందు అనకూడదు. కోడలికి ఆ క్షణాన పైకి అరవాలనిపించింది.

అరవలేదు. వాలిన మొలకల్ని మట్టితో సహా తవ్వి తీసేసింది. తలుపు వైపు ట్రేలో ఒక వరస ఇంకా నిటారుగా ఉంది. కాడల మీద ఊదారంగు ఛాయ కనిపిస్తోంది. వాటిని పొడి మట్టిలోకి మార్చింది. మొగుడు పలకని సరైన వైపుకి పెట్టి పట్టుకుంటే, అల్లుడు స్టూలెక్కి నాలుగు మూలలా మేకులు కొట్టాడు. దారం జాలీకి అతుక్కుంది.

కొట్టడం అయ్యాక ఆయన స్టూలు మీదే నిలబడి చుట్టూ చూశాడు. "అంతా బాగుంది కానీ చెల్లెమ్మా, ఈ లైట్లు ఇంకొంచెం పైకి ఉంటే..."

మొగుడు నేల చూపులు చూశాడు. అత్తగారు కళ్ళతో సైగ మొదలుపెట్టింది.

"వద్దన్నయ్యగారూ. అక్కడే ఉండాలి" అంది కోడలు.

అల్లుడు ఒకసారి లైట్లనీ, ఒకసారి ట్రేలనీ చూశాడు.

"ఓహో, అలాగా" అన్నాడు అల్లుడు. స్టూలు దిగి, చేతులు దులుపుకుని, "అత్తయ్యా, టీ పెడతారా?" అంటూ వంటింట్లోకి నడిచాడు.

అంతే. కప్పు కూలలేదు, చుట్టరికం తెగలేదు, ఆయన మొహంలో రంగు కూడా మారలేదు. కోడలు ఖాళీ ట్రే చేతిలో పట్టుకుని, ఆ ఒక్క మాట మొదటిరోజే అని ఉంటే అనుకుంటూ, అరల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.