ఎక్కువ తిరిగిన డ్రమ్ము

మోషే డ్రమ్ముకి చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల రాళ్లు సన్నగా, తడిగా, గాజుగోళీలు దొర్లుతున్నట్టు మోగుతున్నాయి. ఆ మోతకి అర్థం ఒక్కటే. పాలిష్ అయిపోయింది. అయిపోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

అయినా స్విచ్చి ఆపలేదు. బెల్టు బిగువు చూస్తున్నట్టు నటించాడు. షెడ్డులో చూసేవాళ్లెవరూ లేరు, తనకోసం తనే నటించుకున్నాడు. తర్వాత అదే చెవిని గోడకి ఆనించాడు. అవతల గదిలో సువర్ణ దగ్గుతోంది. హమ్మయ్య అనుకున్నాడు. పెళ్లాం దగ్గితే హమ్మయ్య అనుకునే మొగుడు బందరు మొత్తానికి ఇతనొక్కడే అయి ఉండాలి.

పేరుకి మోషే, పనికి మోసేవాడు. ఇరవయ్యారేళ్ల కిందట దివిసీమ నుంచి, కృష్ణ ఇసుకలో ఏరిన రాళ్ల బస్తా మోసుకుంటూ నరసింహంగారి షెడ్డుకి వచ్చాడు. బస్తా దించాడు, తనూ అక్కడే దిగబడిపోయాడు. బస్తాలు మోసిన కుడి భుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి జారింది. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకీ లొంగని బూడిదరంగు గీత ఉంటుంది. కుడి చెవిని డ్రమ్ము ఎప్పుడో తినేసింది, వినడమంతా ఎడమ చెవితోనే.

రోల్డ్ గోల్డ్ ఉంగరాల్లో పొదిగే అగేటు రాళ్లని నున్నగా చెయ్యడం అతని పని. గరుకు పొడితో ఒక వారం, మధ్యరకంతో ఒక వారం, మెత్తదానితో ఒక వారం, చివరికి పాలిష్ పొడితో ఒక వారం డ్రమ్ము తిరగాలి. వారంవారం విప్పి రాళ్లనీ, డ్రమ్మునీ, ఆఖరికి గోళ్ల సందుల్ని కూడా కడగాలి. పాతవారం గరుకు ఒక్క రేణువు మిగిలినా సరుకంతా గీతలే. మోషేకి రాయడం రాదు, రాయి మాత్రం వచ్చు. తిన్నది అరక్క సోడాలు తాగే మనిషే గానీ, అతని చేతిలో అరగని రాయి లేదు.

సువర్ణది పక్కనే కోత చక్రం. పదకొండేళ్లు దాని ముందు కూర్చుంది. ఎప్పుడో చెట్టై పుట్టి, మట్టిలో పడి రాయైపోయిన కర్రని వాళ్లు చెక్కరాయి అంటారు. దాన్ని అడ్డంగా బిళ్లలు కోస్తే లోపల చెట్టు వలయాలు అలాగే ఉంటాయి. కోసేటప్పుడు పొడి లేవకుండా చక్రం మీద నీళ్లు ధారగా పడుతుండాలి. కానీ నీళ్లు పడితే బురద లేచి, కోతకి గీసుకున్న పెన్సిలు గీత కనపడదు, బిళ్ల వంకరపోతుంది. నీళ్లు కట్టేసి పొడిగా కొయ్యమన్నది మోషేనే. సువర్ణ ముక్కుకి పమిట కట్టుకుని కోసింది. బిళ్లలు తిన్నగా వచ్చాయి, నరసింహంగారు మెచ్చుకున్నారు. సాయంత్రానికి ఆమె జుట్టూ కనురెప్పలూ రాతిపొడితో తెల్లబడిపోయేవి. ముసలమ్మా అని మోషే పిలిస్తే ఇద్దరూ నవ్వుకునేవారు.

ఇప్పుడు మూడు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగుతోంది. గుడివాడలో ఛాతీ డాక్టరు స్కాను తీయించాడు. రిపోర్టు వచ్చిందని పదిహేను రోజుల కిందట ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. భార్యాభర్తలిద్దరూ కలిసి రమ్మంది ఫోన్లో మాట్లాడిన అమ్మాయి. ఆ కలిసి అన్న మాట దగ్గరే మోషే ఆగిపోయాడు. మంచి కబురైతే ఒక్కరికి చెప్పినా చాలు కదా. పైగా డాక్టరు తప్పకుండా అడుగుతాడు, పొడిగా ఎందుకు కోశారని, ఎవరు కొయ్యమన్నారని.

డ్రమ్ము పాలిష్ వారంలో ఉంది, విప్పగానే వెళ్దామన్నాడు సువర్ణతో. చక్రం ముందు నుంచి లేచిన ఆఖరి రోజు మిగిలిన బొటనవేలంత చెక్కరాయి ముక్కని ఆమె మొదటి వారమే అదే డ్రమ్ములో వేసి ఉంచింది. సరే, నా రాయి చూసుకునే వెళ్దామంది. వారం అయింది. పొడి మంచిది కాదు, మెరుపు రాలేదన్నాడు. నరసింహంగారికీ అదే చెప్పాడు. భయాన్ని అలా తిప్పగా తిప్పగా అది నున్నబడి అబద్ధమైంది. ఎక్కడ పట్టుకున్నా చేతికి గుచ్చుకోవడం మానేసింది.

మధ్యాహ్నం గ్లాసులో గంజి పట్టుకుని గదిలోకి వెళ్లాడు. సువర్ణ పడుకోలేక గోడకి మూడు దిళ్లు వేసుకుని కూర్చుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. పక్కింటి హెప్సిబా ఆ రంగు నిన్ననే చూపించి, ఆస్పత్రికి తీసుకెళ్లవేం తమ్ముడూ అని చీవాట్లేసింది. సువర్ణ రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"ఏవండీ, డ్రమ్ము ఎప్పుడు విప్పుతారు?"

"మెరుపు రావాలి కదే. ఇంకో రెండ్రోజులు."

ఆమె గోడవైపు తల వంచి కాసేపు విన్నది.

"పదకొండేళ్లు దాని పక్కన కూర్చున్నదాన్ని. పాలిష్ అయిన రాళ్ల మోత నాకు తెలీదా? అయిపోయి పది రోజుల పైమాటే."

మోషే ఆమె వెనక దిండు సర్దాడు. "మరి అడగలేదేం?"

"మీరు భయపడుతున్నారు కదా అని." దగ్గు వచ్చింది, ఆగడానికి చాలాసేపు పట్టింది. "నాక్కూడా భయమేలెండి. ఇద్దరి భయం ఒక డ్రమ్ములో వేస్తే తొందరగా అరుగుద్ది."

"నీళ్లు కట్టెయ్యమంది నేను."

"కుళాయి నా చేతి పక్కనే ఉండేది. కట్టేసింది నేను." కళ్లు మూసుకుంది. "రేపు పొద్దున బస్సుకి పోదాం. ముందు నా రాయి తెండి."

మోషే షెడ్డులోకి వచ్చి స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి నొక్కనంది. ఇది ఆగితే రేపు వచ్చేస్తుంది. టీ తాగొచ్చి ఆపుదామనుకున్నాడు. టీ తాగొచ్చి, బెల్టుకి చమురు పెట్టి ఆపుదామనుకున్నాడు. మూడింటికి ఆ పనేదో కరెంటు వాళ్లే చేశారు. డ్రమ్ము నాలుగు చుట్లు మూలిగి ఆగిపోయింది.

ఇన్ని రోజుల తర్వాత షెడ్డులో మొదటిసారి నిశ్శబ్దం. మోషే ఎడమ చెవి గోడకి ఆనించాడు. ఏమీ వినపడలేదు. నిద్రపట్టి ఉంటుంది పాపం, అనుకున్నాడు. ఇంకాస్త గట్టిగా ఆనించాడు. సున్నం చెవికి అంటింది.

ఆ నాలుగడుగుల దూరం వెళ్లలేక డ్రమ్ము విప్పాడు. రాళ్లని జల్లెడలో పోసి కడగసాగాడు. ఒకసారి కడిగితే చాలు, మూడుసార్లు కడిగాడు. ఒక్కో రాయి కడగడం, చెయ్యి ఆపి వినడం. గోళ్ల సందులు కూడా కడుక్కున్నాడు. అంతా అయ్యాక జల్లెడ అడుగున సువర్ణ రాయి దొరికింది. అందులో చెట్టు వలయాలు ఏడున్నాయి, లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కడగడానికి ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు గదిలోకి వెళ్లాడు.

సువర్ణ డ్రమ్ము మోత వింటున్నదానిలాగే గోడకి చెవి ఆనించి కూర్చుని ఉంది. మోషే ఆమె పేరు పిలవలేదు. చేతిలోని రాయి గంజి గ్లాసు పక్కన పెట్టి, ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. కరెంటు వచ్చింది. గోడవతల బెల్టు ఖాళీ డ్రమ్ముని తిప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం హెప్సిబా వచ్చి చూసేదాకా అది అలా తిరుగుతూనే ఉంది.

గంజి మీద మీగడ కట్టింది. దాని పక్కన చెక్కరాయి, తడి ఎప్పుడో ఆరిపోయినా, ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు మెరుస్తోంది.