సరిహద్దు అవతల కొన్న తుపాకి

మోంటానాలో గొర్రెలు మేపేవాడి ఇంట్లో తుపాకి లేదంటే ఎవరూ నమ్మరు. మా ఇంట్లో లేదు. పెళ్ళైన కొత్తలో మా నాన్న రైఫిల్ నా వెంట తెచ్చుకుంటే, మా ఆయన ఆర్విడ్ వారం తిరక్కుండా దాన్ని మా తమ్ముడికి ఇప్పించేశాడు. తుపాకులంటే తనకు పడదన్నాడు. మెత్తటి మనిషి, పోనీలే అనుకున్నాను. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? "ఏం ఆర్విడ్, కయోటీ నక్కలొస్తే బైబిల్ చదివి వినిపిస్తావా?" అని దెప్పేవాళ్ళు. ఆయన నవ్వేసేవాడు. ఒళ్ళు మండేది నాకే.

ఈ ఏడు గొర్రెలు ఈనే రోజుల్లో నక్కలు తెగబడ్డాయి. కుక్కలు మాత్రం ఎన్నింటినని తరుముతాయి? పొద్దున్నే కొట్టం దగ్గరికి వెళితే, కంచె పొడుగునా గొర్రెపిల్లల బొచ్చు ముక్కలే. నాకు దుఃఖం ఆగలేదు. ఇంట్లోకొచ్చి ఆయన్ని నానా మాటలూ అన్నాను. "అందరూ కొంటారు, నీకేం మాయరోగం, ఒక్క తుపాకి కొనలేవా?" అని అరిచాను. ఆయన చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి, "నేను కొనకూడదు లోర్నా," అన్నాడు.

అప్పుడు బయటపెట్టాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో స్నేహితుడితో కలిసి తాగి, ఎవరిదో ట్రక్కు ఎత్తుకుపోయి కాలవలో దింపేశాడట. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడట. ఇక జన్మలో తుపాకి ముట్టుకోకూడదని కేసు తేలేదాకా ఉంచిన జైల్లో ఎవడో చెప్పిన మాట పట్టుకుని, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత కేసు చివరికి ఏమైందో కనుక్కోనే లేదు. కనుక్కుంటే అదే నిజమైపోతుందని భయం.

నేను ఊరుకునే రకం కాదు. బిల్లింగ్స్‌లో ఉన్న ఒక లాయరు చేత వాకబు చేయించాను. "శిక్ష వాయిదా వేశారు. తర్వాత బుద్ధిగా ఉన్నాడని కేసే కొట్టేశారు. మీ ఆయన మీద ఏ నేరమూ లేదమ్మా," అన్నాడాయన. ఆర్విడ్ నమ్మితేగా! "లాయరుకేం, డబ్బు పుచ్చుకున్నాడు, తీపి కబురు చెప్పాడు. చెప్పాల్సింది సర్కారు," అన్నాడు.

సర్కారు చేత చెప్పించడానికి దారి ఒకటే. రైఫిల్ కొనబోతే కొట్టువాడు ఎఫ్‌బీఐకి ఫోన్ చేసి, ఈ మనిషికి అమ్మొచ్చా అని అడుగుతాడు. కానీ మా ఊళ్ళో తుపాకులమ్మేది మా పిన్ని కొడుకు డువేన్. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అక్కడ 'వద్దు' అన్నారంటే సాయంత్రానికల్లా చర్చిలో ముసలమ్మలతో సహా అందరికీ తెలిసిపోతుంది. అందుకని సరిహద్దు దాటి వయోమింగ్ పోదామన్నాడు మా ఆయన. పిస్తోలు అలా పరాయి రాష్ట్రంలో కొని తెచ్చుకోవడానికి లేదట గానీ, లైసెన్సున్న కొట్లో రైఫిల్ కొనుక్కోవచ్చు, రెండు రాష్ట్రాల చట్టమూ ఒప్పుకుంటుంది అన్నాడు లాయరు.

దారి పొడుగునా ఆయన ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. కొట్టు యజమాని డెల్బర్ట్ అనే భారీ మనిషి. కౌంటరు వెనక నిలబడి ఊరవేసిన దోసకాయ నములుతున్నాడు. ఆర్విడ్ మొదట కంటబడిన రైఫిల్‌ని చూపించి "ఇది" అన్నాడు. చేత్తో పట్టుకోనైనా లేదు. డెల్బర్ట్ డ్రైవింగ్ లైసెన్సు అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటి పెద్దాయనా, పోస్టాఫీసు డబ్బాలో కాపురం ఉంటున్నావా?"

మా ఆయన "పద లోర్నా. చెప్పానా, అయిపోయింది," అంటూ తలుపు వైపు తిరిగాడు. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"మా ఇంటికి ఉత్తరాలు రావయ్యా," అన్నాను డెల్బర్ట్‌తో. "మా గుమ్మం దాకా వచ్చేవి గొర్రెలూ, మంచూనూ. అందుకే లైసెన్సు మీద పోస్టు డబ్బా నంబరు రాయించుకున్నాం. తప్పా?"

"తప్పని ఎవరన్నారక్కా? నాకు ఇంటి చిరునామా కావాలి, అంతే. సర్కారిచ్చిన కాగితం ఇంకేదైనా చూపించు, చాలు."

బయటికి పరిగెత్తి పికప్ బండి రిజిస్ట్రేషన్ తెచ్చి ఆయన ముందు పడేశాను. దాంట్లో మా మట్టిరోడ్డు పేరుతో సహా ఉంది. ఆర్విడ్ ఫారం నింపడం మొదలుపెట్టాడు. నేరం రుజువైందా అన్న ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. నేను జన్మలో మొదటిసారి నోరు మెదపలేదు. చాలాసేపటికి 'లేదు' అని గుర్తు పెట్టాడు.

డెల్బర్ట్ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వివరాలన్నీ చదివాడు. తర్వాత "ఊఁ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "ఊఁ" అన్నాడు. దోసకాయ ముక్క ఇంకోటి నోట్లో వేసుకున్నాడు. ఆ ముక్క లాక్కుని అవతల పారేద్దామన్నంత కోపమొచ్చింది నాకు. ఎట్టకేలకు డెల్బర్ట్ ఫోన్ పెట్టేశాడు.

"కార్డా, క్యాషా?"

"ఏమన్నారు?" అన్నాడు ఆర్విడ్.

"ఏమంటారు? ఇచ్చేయమన్నారు."

"నా పేరు సరిగ్గా చెప్పావా? పుట్టిన తేదీ?"

"పెద్దాయనా, నీకు తుపాకి కావాలా, తగాదా కావాలా?"

"ఇంకోసారి చెప్పు తమ్ముడూ."

డెల్బర్ట్ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. "ఆర్విడ్ టోలెఫ్సన్," అన్నాడు నెమ్మదిగా. "నీకు ఏ అడ్డూ లేదన్నారు."

ఆర్విడ్ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను డబ్బు కడుతూ ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఈ మనిషి నా పక్కన పడుకుని ఇన్నేళ్ళు దొంగలా బతికాడు, దొంగ కాకుండానే.

తిరుగు ప్రయాణంలో ఆయన నోటికి తాళం ఊడిపోయింది. ఆ ట్రక్కు కథంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి నవ్వుతూ, కాలవలో కప్పలతో సహా. సరిహద్దు బోర్డు దాటగానే హారన్ మోగించాడు. నేను నవ్వలేక వెనక్కి వాలి, అలవాటుగా వెనక సీటు వైపు చూశాను. ఖాళీ.

"ఏమయ్యా, తుపాకి ఏదీ?"

బండి పక్కకు తీసి ఆపాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, డెల్బర్ట్‌కు చెయ్యి ఊపి మరీ వచ్చేశాం. రైఫిల్ కౌంటరు మీదే ఉంది.

"తిప్పు, తిప్పు, కొట్టు మూసేస్తాడు," అన్నాను.

ఆయన ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మూసుకోనీవే," అన్నాడు. "రేపొచ్చి అడిగినా ఇస్తారు నాకు."